గ్యాసా, కరెంటా అని అడిగేవాళ్ళకి

పోయిన నెల నా పాత కస్టమర్ ఒకాయన న్యూజీలాండ్ నుంచి ఫోన్ చేశాడు. భార్యాపిల్లలతో ఇల్లులాంటి వ్యాను ఒకటి అద్దెకు తీసుకుని ఊళ్ళు తిరుగుతున్నాడట. మంచాలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ బండిలోనే ఉన్నాయి. నీళ్ళు కాచే డబ్బాకి మాత్రం రెండు స్విచ్చులున్నాయి. ఒకటి గ్యాసుది, రెండోది కరెంటుది. ఏది నొక్కాలి అంకుల్ అని అడిగాడు.

నేను పని మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఈ ప్రశ్న వింటే నాకు ఉత్సాహం ఆగదు. ఎంతమంది ఉన్నారు, ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానం చేస్తారా, సాయంత్రం బండి ఆపేచోట కరెంటు తగిలించుకోవచ్చా, చలికి కిటికీలన్నీ బిగించుకుంటారా అని వరసగా అడిగాను. స్విచ్చు సంగతి అడిగితే పెళ్ళిచూపుల్లో అడిగినట్టు అడుగుతారేమిటని నవ్వాడు. చివరికి నేను చెప్పింది ఇంతే. కరెంటు దొరికేచోట ఆపితే కరెంటు వాడుకోండి, కాస్త నింపాదిగా కాగుతాయి. దారిలో ఆగితే గ్యాసు, తొందరగా కాగుతాయి. నలుగురూ వరసగా పోసుకునేట్టయితే రెండూ వేసుకోవచ్చేమో బండి ఇచ్చినవాళ్ళని అడగండి. బండి పక్కన పొగ బయటికిపోయే జాలీ ఉంటుంది, దానికి అడ్డంగా ఏ గుడ్డా కట్టకండి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు కూడా మొదట ఇదే అడుగుతారు. గ్యాసు మంచిదా, కరెంటు మంచిదా? పైపుల కొలతలు, లైసెన్సు పరీక్షలు మీకు క్లాసులో చెబుతారు. అక్కడ చెప్పని సంగతులు రెండు మూడు నా దగ్గరున్నాయి. అవే రాస్తున్నాను.

చైనావాడి పేరుతో తెలుగువాడు

నా పేరు సింహాచలం. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి సింగపూర్ వచ్చాడు. మేం ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే అందులో కొంత అరవం, కొంత మలయ్ కలిసిపోయాయి. అన్నం తిన్నావా అనడానికి బదులు మకాన్ అయిందా అంటాం. అది తెలుగు కాదని నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా తెలియదు.

జురాంగ్ ఈస్ట్‌లో వాటర్ హీటర్లు అమ్మి, బిగించే షాపులో పనిచేశాను. యజమాని చైనీయుడు. ఇక్కడ యజమానిని టౌకే అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. సింహాచలం అనడానికి ఆయనకు నోరు తిరగలేదు. మొదటి రోజే సిమ్ అన్నాడు. చైనావాళ్ళలో సిమ్ అనే ఇంటిపేరుంది, అందుకని ఆయనకు సుఖంగా ఉంది. కార్డు మీద కూడా అదే అచ్చువేయించాడు.

కొత్త శతాబ్దం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ కంప్యూటర్లను బాగుచెయ్యడానికి మన తెలుగు కుర్రాళ్ళు విమానాల్లో దిగడం మొదలుపెట్టారు. యూ టీ, పాసిర్ రిస్, ఎక్కడ ఫ్లాట్ దొరికితే అక్కడ అద్దెకు దిగేవాళ్ళు. కార్డు చూసి సిమ్ అనే చైనావాడు వస్తాడని ఎదురుచూసేవాళ్ళు. నేను గుమ్మంలో నిలబడి, నీళ్ళెక్కడ కారుతున్నాయండీ అంటే తెల్లబోయేవాళ్ళు. ఆ తర్వాత కాఫీ ఇవ్వకుండా పంపేవాళ్ళు కాదు. కొన్నాళ్ళకు షాపుకొచ్చే తెలుగు ఫోన్లన్నీ నాకే వచ్చేవి.

నీళ్ళు పోసుకోవడంలో ఇన్ని రకాలా

మొదట్లోనే ఒకాయన ఫిర్యాదు చేశాడు. షవర్‌కి కరెంటు హీటర్ పెట్టించుకున్నాడు, నీళ్ళు ఒక్కరోజు కూడా వేడెక్కలేదట. వెళ్ళి చూశాను. స్విచ్చు వేసి కుళాయి తిప్పగానే నీళ్ళు సలసలా వచ్చాయి. వారం తిరక్కుండా మళ్ళీ ఫోను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ బాగానే ఉంది. నేను మాయలవాణ్ణి అన్నట్టు చూశాడు. మీరు రోజూ ఏం చేస్తారో నాకు చేసి చూపించండి అన్నాను. ఆయన స్విచ్చు వేశాడు, పావుగంట హాల్లో పేపరు చదివాడు, లేచి వచ్చి స్విచ్చు ఆర్పాడు, ఆర్పాక బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళ ఊళ్ళో గీజర్ అంటే గోడకు పెద్ద డ్రమ్ము. ముందు కాచుకోవాలి, షాకు కొడుతుందన్న భయంతో ఆర్పేసి అప్పుడు నీళ్ళు ముట్టుకోవాలి. వాళ్ళ నాన్న చిన్నప్పుడే గట్టిగా నేర్పాడట. ఇది డ్రమ్ము లేని రకం, నీళ్ళు పారుతున్నప్పుడే కాస్తుంది. ఆర్పితే ఇంకేం కాస్తుంది? ఆయన చదువుకున్నవాడే, బ్యాంకు కంప్యూటర్లు నడిపేవాడు.

పాసిర్ రిస్‌లో ఒకావిడది ఇంకో కథ. గ్యాసు హీటర్ అంటుకోవడం లేదన్నారు. మూడుసార్లు వెళ్ళాను. నేను తిప్పితే అంటుకుంటుంది, ఆవిడ తిప్పితే అంటుకోదు. మూడోసారి పక్కన నిలబడి చూశాను. ఆవిడ బకెట్ పెట్టి, కుళాయి చిటికెనవేలంత ధారగా తిప్పింది. గ్యాసు హీటర్‌కి నీళ్ళు జోరుగా రావాలి, అంత సన్నటి ధారకి అది నిద్రలేవదు. ఇంకాస్త తిప్పమ్మా అంటే, మా అనంతపురంలో ఎవరూ ఇంతకన్నా తిప్పరు అంకుల్, నీళ్ళు పోతాయి కదా అంది. ఇక్కడ నీళ్ళు బోలెడున్నా ఆవిడ చెయ్యి అంతకన్నా తిరగలేదు. నాకు ఆవిడంటే గౌరవం కలిగింది.

ఈ రెండిటి తర్వాత నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఏ ఇంటికి వెళ్ళినా మీరు స్నానం ఎలా చేస్తారని అడగడం. కొందరు సిగ్గుపడేవాళ్ళు, కొందరు అనుమానంగా చూసేవాళ్ళు. టౌకేకి ఇది అస్సలు నచ్చేది కాదు. కస్టమర్ గ్యాసంటే గ్యాసు పెట్టు, కరెంటంటే కరెంటు పెట్టు, నీకెందుకు ఇన్ని ప్రశ్నలు అని విసుక్కునేవాడు. "సిమ్, నువ్వు హీటర్ మనిషివా, డాక్టరువా?" అనేవాడు. షాపు నడిపేవాడికి నా ప్రశ్నల వల్ల టైము పోతుందన్నది నిజమే. కానీ ఎక్కడ ఎక్కువ అడగాలో అక్కడ నేను సరిగ్గా అడగలేదు. ఇక్కడ చెప్పదలుచుకున్నది అదే.

యూ టీ ఇల్లు

శ్రీకాంత్ అనే కుర్రాడు యూ టీలో ఉండేవాడు. భార్య మాధవికి నెలలు నిండుతున్నాయి. పురిటికి గుంటూరు నుంచి అత్తగారు వస్తున్నారని, ఆవిడ వచ్చేలోగా వేడినీళ్ళ ఏర్పాటు చెయ్యమని అడిగాడు. షవర్‌కి ఉన్న చిన్న కరెంటు హీటర్ బకెట్లకు పనికిరాదు. గ్యాసు హీటరా, కరెంటు డ్రమ్మా అన్నది ప్రశ్న.

డ్రమ్ము అయితే రెండు మూడు బకెట్లకి చల్లబడుతుంది, మళ్ళీ కాగేదాకా కూర్చోవాలి. పసిబిడ్డకీ బాలింతకీ నీళ్ళు పొయ్యడమంటే మాటలు కాదు. గ్యాసయితే తిప్పినంతసేపూ వేడినీళ్ళే. నేను గ్యాసు పెట్టించుకోమన్నాను. నా సలహా మీద నాకే ముచ్చటేసింది. ఆ రోజుల్లో పొగగొట్టం లేని రకం కూడా పెట్టేవాళ్ళం. వంటగది కిటికీని ఆనుకుని బిగించేవాళ్ళం, ఆ కిటికీ ఎప్పుడూ తెరిచి ఉండాలన్నది షరతు. ఆ మాట హీటర్ మీద ఇంగ్లీషులో, చైనీస్‌లో అంటించి ఉంటుంది. నేను శ్రీకాంత్‌కి కూడా చెప్పాను. వెంటిలేషన్ మస్ట్ అన్నాను. ఓకే ఓకే అంటూ ఆఫీసు ఫోను మాట్లాడుతూనే సంతకం పెట్టాడు.

అత్తగారు వచ్చాక బకెట్ కుళాయి ఎత్తు సరిచెయ్యడానికి ఇంకోసారి వెళ్ళాను. ఆవిడ పేరు రాజేశ్వరమ్మగారు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. సింగపూర్‌లో పుట్టినవాడు తెలుగు మాట్లాడుతున్నాడని ముక్కున వేలేసుకుంది. మజ్జిగ ఇచ్చింది. మా ముత్తాత ఓడ ఎక్కిన సంగతి, మా నాయనమ్మ ఇక్కడే గోంగూర పెంచిన సంగతి అన్నీ చెప్పించుకుంది. పది నిమిషాల్లో నేను తమ్ముణ్ణి, ఆవిడ అక్క అయిపోయాం. గంట కూర్చున్నాను. ఆ గంటలో కిటికీ ఊసు ఎత్తలేదు. ఎత్తాలని తోచనేలేదు, ఇంటాయనకి చెప్పేశాను కదా అన్న ధీమా.

గ్యాస్ పట్టేసింది

ఆడపిల్ల పుట్టింది. మూడు వారాలు గడిచాయి. డిసెంబర్ వానలు పట్టుకున్నాయి. వాళ్ళ వంటగదిలో సింకు కుళాయి కారుతోందంటే ఆ రోజు వస్తానని చెప్పాను. పొద్దున్న పదిన్నరకి మాధవి షాపుకి ఫోన్ చేసింది.

"అంకుల్, ఇవాళ రావద్దు. అమ్మకీ నాకూ పొద్దున్నుంచీ గ్యాస్ పట్టేసింది. తలంతా దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది. రేపు రండి."

"పాపకి?" అన్నాను.

"పాపకీ గ్యాసే అనుకుంటా అంకుల్. నీళ్ళు పోసినప్పట్నుంచీ పడుకునే ఉంది. పాలకి కూడా లేవట్లేదు."

హీటర్ కట్టెయ్యమ్మా, కిటికీలన్నీ తెరవమ్మా, పాపనెత్తుకుని ముగ్గురూ కారిడార్‌లోకి వచ్చెయ్యండి అని చెప్పాను. బాలింతని బయటికెలా వస్తానంకుల్, అమ్మ ఒప్పుకోదు అంది. మాట నిద్రలో మాట్లాడుతున్నట్టు సాగుతోంది. ఫోను పెట్టి అంబులెన్స్ పిలవమని టౌకేకి అడ్రసు చెప్పాను. నా ప్రశ్నల మీద ఎప్పుడూ విసుక్కునే మనిషి ఆ రోజు ఒక్క ప్రశ్న అడగలేదు. నేను వ్యాను తాళాలు తీసుకునేలోపే ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆయన గురించి ఎవరేమన్నా ఆ ఒక్కటి నేను మరిచిపోలేదు.

జురాంగ్ ఈస్ట్ నుంచి యూ టీ ఎంతో దూరం కాదు. ఆ రోజు వానలో ప్రతి సిగ్నలూ నాకే ఎర్రగా పడింది.

తలుపు రాజేశ్వరమ్మగారే తీసింది. నిలబడలేక గోడ పట్టుకుంది. ఇల్లంతా సాంబ్రాణి పొగ, ఉక్క. వంటగదిలో హీటర్ మండుతూనే ఉంది. మాధవికి నీళ్ళు పొయ్యడానికి బకెట్లు నింపుతూ, ఆవిడ మధ్యలో లేచి వచ్చింది. కిటికీ రెక్కలు బిగించి, సందుల్లోంచి కూడా గాలి రాకుండా పాత చీర ముక్కలు కుక్కింది. లోపల మంట నీలంగా ఉండాల్సింది పసుపుపచ్చగా ఎగురుతోంది. కుళాయి కట్టేశాను, చీర ముక్కలు లాగిపారేసి కిటికీ తెరిచాను.

"అయ్యో, పసిగుడ్డుకి గాలి తగులుద్ది తమ్ముడూ" అని ఆవిడ అడ్డం వచ్చింది.

జవాబు చెప్పే తీరిక లేదు. గదిలోకి వెళ్ళి పాపని ఎత్తుకున్నాను. తడిగుడ్డలా చేతుల్లో వాలిపోయింది. ఏడవలేదు. బయట కారిడార్‌లో వానగాలికి ఎదురుగా నిలబడి పాప అరికాళ్ళు రుద్దుతూ ఉన్నాను. నాకు దేవుడి మీద అంత నమ్మకం లేదు. అయినా ఆ కాసేపు నా పేరు ఏ దేవుడిదో ఆ దేవుణ్ణే పిలిచాను. వెనకాలే తల్లీ, అమ్మమ్మా ఒకరినొకరు పట్టుకుని వచ్చి గోడవారన కూలబడ్డారు. అంబులెన్స్ వచ్చేలోగా పాప ఒక్కసారి కళ్ళు తెరిచి మూసింది.

పైపులో వచ్చే గ్యాసుకి వాసన ఉంటుంది, లీకయితే ముక్కుకి తెలిసిపోతుంది. గాలి చాలక మంట సరిగ్గా మండనప్పుడు పుట్టే విషవాయువు వేరు. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, నిద్రమత్తు, అంతే తెలుస్తుంది. ఆ ఇంట్లో మూడు వారాలుగా పొద్దున్నే ఇద్దరికీ తలనొప్పి వస్తూనే ఉందట. నిద్ర చాలక అని ఒకరు, కొత్త ఊరి నీళ్ళు పడక అని ఒకరు అనుకున్నారు. వానలకి చీర ముక్కలు కుక్కాక ముదిరింది.

ముగ్గురికీ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పెద్దవాళ్ళు సాయంత్రానికి తేరుకున్నారు. పాప సంగతి రెండు రోజులదాకా డాక్టర్లు తేల్చి చెప్పలేదు. ఆ రెండు రోజులూ నేను ఏ ఇంట్లోనూ ఒక్క స్క్రూ బిగించలేదు. మూడోరోజు పాలు తాగిందని శ్రీకాంత్ ఫోన్ చేశాడు. షాపు వెనక స్టోరులోకి వెళ్ళి ఏడ్చాను.

కాగితం మీద

విచారణ జరిగింది. హీటర్ బిగింపు సరిగ్గానే ఉంది. కిటికీ పక్కనే ఉంది, హెచ్చరిక అంటించి ఉంది, ఇంటాయన సంతకం ఉంది. తప్పు వాడినవాళ్ళదని తేలింది. టౌకే ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ పీల్చుకున్నాను, ఉన్నమాట చెప్పాలి కదా.

కానీ కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు ఒకటి ఆలోచించండి. నేను ఎంతమందికి నీళ్ళు కావాలో అడిగాను, ఎన్ని బకెట్లో అడిగాను. నీళ్ళు పోసేటప్పుడు ఇల్లు ఎలా ఉంచుతారని అడగలేదు. పసిబిడ్డ ఉన్న తెలుగింట్లో తలుపులూ కిటికీలూ మూస్తారని నాకు తెలియనిది కాదు. మా అమ్మ కూడా మూసేది. ఆ ముక్క గుర్తొచ్చి ఉంటే ఆ ఇంటికి కళ్ళు మూసుకుని కరెంటు డ్రమ్ము చెప్పేవాణ్ణి. రెండు బకెట్లకోసారి ఆగాల్సి వస్తే వచ్చేది. గ్యాసు చెడ్డదని నేననను, మా ఇంట్లో ఇప్పటికీ గ్యాసే. కిటికీ తెరిచి ఉంచే ఇంటికి గ్యాసు మంచిది, మూసుకునే ఇంటికి కరెంటు మంచిది. ఆ ఇల్లు ఎలాంటిదో సంతకం పెట్టే మనిషికి తెలియకపోవచ్చు. స్నానం చేయించే మనిషిని అడగండి. ఆవిడ ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో అడగండి. రాకపోతే చేతులతో చూపించి అయినా అడగండి.

రాజేశ్వరమ్మగారి మాట

పాప ఇంటికొచ్చిన వారానికి, గ్యాసు హీటర్ విప్పి కరెంటు డ్రమ్ము పెట్టడానికి వెళ్ళాను. పనికి ముందే కూర్చోబెట్టారు. శ్రీకాంత్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఫోనులోనే ఎలా కనిపెట్టారంకుల్, డాక్టర్లు కూడా ఆశ్చర్యపోయారు అన్నాడు.

నేను కనిపెట్టిందేముంది, మీ ఆవిడే చెప్పిందిగా గ్యాస్ పట్టేసిందని అన్నాను.

మాధవి నా వైపు వింతగా చూసింది. "నేనన్నది కడుపులో గ్యాస్ అంకుల్" అంది.

నాకు అర్థం కాలేదు. కడుపులో గ్యాసేమిటి? అప్పుడు శ్రీకాంత్ విడమరిచి చెప్పాడు. అన్నం అరక్కపోయినా, పొట్ట ఉబ్బరించినా వాళ్ళు గ్యాస్ అనే అంటారట. ఆ పొద్దున రాజేశ్వరమ్మగారు కూతురికి వాము కూడా నమిలించిందట. మా ఇంట్లో దాన్ని అంగిన్ అంటాం. మలయ్ మాట, గాలి అని అర్థం. మా నాయనమ్మా, మా అమ్మా అంగిన్ పట్టిందనే అన్నారు, నా భార్యా అదే అంటుంది. గ్యాస్ అంటే నాకు పైపులోనో సిలిండర్లోనో వచ్చేదే. వాళ్ళ తెలుగు నాకు సరిగ్గా వచ్చి ఉంటే, కాస్త వాము నమలమ్మా, రేపొస్తాను అని చెప్పి ఫోను పెట్టేసి టీ తాగడానికి పోయేవాణ్ణి.

శ్రీకాంత్ నవ్వబోయి ఆగిపోయాడు. రాజేశ్వరమ్మగారు పాపని ఒళ్ళో వేసుకుని పొత్తిగుడ్డ సర్దింది. తర్వాత నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"ఆ వేళ గంటసేపు కూర్చుని మీ ముత్తాత సంగతులన్నీ చెప్పావు. ఆ కిటికీ సంగతి ఒక్క ముక్క చెప్పుంటే, నేను మూసేదాన్నా తమ్ముడూ?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. మూసేది కాదని నాకు తెలుసు. లేచి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుని, వంగిన నా చేతుల్లో పాపని పెట్టింది. కాసేపు ఎత్తుకుని తిరిగి ఇచ్చి, హీటర్ విప్పడానికి వంటగదిలోకి వెళ్ళాను.